శిక్షకులను సమకూర్చే బాధ్యత కళాశాలలదే

సంపాదకులకు నమస్కారం.

రోగిని పరీక్షించి, జబ్బు తేల్చి, మందులు రాసే నర్స్ ప్రాక్టిషనర్లను తయారుచేసే ఉన్నత నర్సింగ్ విద్య ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాస్టర్స్ డిగ్రీ చాలునా, డాక్టరేట్ కావాలా అన్న చోటే చర్చ ఆగిపోతోంది. అంతర్జాతీయ నర్సుల మండలి 2020 నాటి మార్గదర్శకాల్లో కనీసం మాస్టర్స్ ఉండాలని చెప్పింది. దానితో నాకు పేచీ లేదు. అయితే ఆ చదువు చదివే నర్సుకు రోగి పక్కన నిలబడి నేర్పేది ఎవరన్నది, చాలాకాలం వార్డుల్లో పనిచేశాక ఈ కోర్సులో చేరిన నాకు, అంతకంటే పెద్ద ప్రశ్నగా కనిపిస్తోంది.

నిన్నటిదాకా వైద్యులు రాసిన మందు ఇచ్చిన చెయ్యే రేపు మందు రాయాలి. ఔషధశాస్త్రం, రోగాల వల్ల శరీరంలో వచ్చే మార్పులు, శరీర పరీక్ష విధానం తరగతిలో చెప్పవచ్చు. కానీ ఆయాసంతో వచ్చిన వృద్ధుడి ఛాతీపై స్టెతస్కోప్ పెట్టి, ఆ శబ్దం గుండె బలహీనత వల్ల వస్తోందా, ఊపిరితిత్తుల జబ్బు వల్లనా అని తేల్చుకోవడం, తేల్చుకున్నది తప్పయితే అక్కడికక్కడే సరిదిద్దించుకోవడం అనుభవజ్ఞుల సమక్షంలోనే సాధ్యం. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో తొలి నర్స్ ప్రాక్టిషనర్ శిక్షణను రూపొందించింది లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి అన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

అమెరికాలో ఈ కోర్సుల ప్రమాణాలను 2022లో సవరించి, రోగులకు నేరుగా సేవలందించే శిక్షణ కనీసం 750 గంటలు ఉండాలన్నారు. అంతకుముందు అది 500 గంటలే. మంచి నిర్ణయమే. కానీ ఆ గంటలు ఎక్కడ, ఎవరి దగ్గర పూర్తి చేయాలన్నది పలు కోర్సుల్లో విద్యార్థులే చూసుకోవలసి వస్తోంది. నేను చదివిన చోటా అంతే. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, క్లినిక్ తరువాత క్లినిక్‌కు ఫోన్ చేసి బతిమాలాను. చివరికి ఒప్పుకున్న చోట చాలా రోజులు వెనక నిలబడి చూడడమే నా శిక్షణ అయింది. రికార్డులో గంటలు మాత్రం నిండాయి. ఆ వెలితిని ఉద్యోగంలో చేరాక, రోగుల ముందు భయపడుతూ పూడ్చుకోవలసి వచ్చింది. ఆ రోగులకు అది న్యాయం కాదు.

కళాశాలలు తమ వద్ద ఉన్న శిక్షకుల సంఖ్యను బట్టే సీట్లు నిర్ణయించాలి. శిక్షణ ఇచ్చే నర్సులకూ వైద్యులకూ ఆ సమయాన్ని డ్యూటీగా లెక్కగట్టి, పారితోషికం చెల్లించాలి. రోగుల రద్దీ మధ్య ఉచితంగా నేర్పమంటే ఎంతమంది ముందుకొస్తారు? అధ్యాపకులు సంతకాలు చూసి సరిపెట్టక, శిక్షణ స్థలానికి వెళ్లి విద్యార్థి రోగిని పరీక్షించే తీరును స్వయంగా గమనించాలి. ప్రవేశ ప్రకటనలో ఫీజుతో పాటు, ఎన్ని శిక్షణ స్థానాలు ఖాయమయ్యాయో కూడా ముద్రించేలా గుర్తింపు సంస్థలు నిబంధన పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నర్స్ ప్రాక్టిషనర్