టేపు పట్టగానే అందరూ నిటారే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో కూర్చునే తీరు మీద వేసిన బొమ్మలు చూశాను. నిటారుగా కూర్చున్న మనిషి పక్కన ఆకుపచ్చ టిక్కు, ముందుకు వంగిన మనిషి మీద ఎర్రటి అడ్డగీతలు. నేను దర్జీని. 31 ఏళ్లుగా ఆ ఎర్రగీతల మనిషిలాగే మిషను ముందు కూర్చుంటున్నాను కనుక ఈ ఉత్తరం.

జనం వీపులు నాకు బాగా తెలుసు. టేపు తీయగానే ప్రతివారూ పొట్ట లోపలికి పీల్చి, ఛాతీ విరుచుకుని నిలబడతారు. ఆ కొలతతో కుడితే చొక్కా వెనుక అంచు పైకి లేచిపోతుంది. అందుకే ముందు చేతుల పొడవు కొలుస్తూ కబుర్లలోకి దింపుతాను. రెండు నిమిషాల్లో భుజాలు జారి అసలు వీపు బయటపడుతుంది. రెండు భుజాలూ ఒకే ఎత్తులో ఉన్నవాళ్లు నాకు తక్కువే తగిలారు. గూనితో హాయిగా తిరిగేవాళ్లూ ఉన్నారు, కర్రలా నిలబడి నడుము పట్టుకుని మూలిగేవాళ్లూ ఉన్నారు.

నాకు నొప్పి యాభై దగ్గరపడ్డాక వచ్చింది. మీ బొమ్మలాంటిదే గోడకు అంటించుకుని, మూడు వారాలు బిగదీసుకుని కూర్చున్నాను. నడుముకు తోడు మెడ కూడా పట్టేసింది. ఫిజియోథెరపీ చదువుతున్న మా అమ్మాయి చూసి, "ఎలా కూర్చున్నావో తరవాత నాన్నా, లేచి ఎంతసేపయిందో చెప్పు" అంది. 1960లలో స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది దించి ఒత్తిడి కొలిచాడట. నిలబడినప్పటికంటే కూర్చున్నప్పుడే ఎక్కువని తేలింది. 1999లో జర్మనీలో ఒకే ఒక్క మనిషి మీద మళ్లీ కొలిస్తే, నిటారుగా కూర్చున్నప్పటికంటే కుర్చీలో జారగిలబడినప్పుడు తక్కువ వచ్చిందట. సూది పని కదా, శ్రద్ధగానే విన్నాను. పెద్దవాళ్ల డిస్కులకు రక్తనాళాలు దాదాపు ఉండవనీ, పక్క ఎముకల నుంచి ఊరే పోషణే ఆధారమనీ, ఆ ఊట సాగడానికి కదలిక సాయపడుతుందనీ కూడా చెప్పింది.

అప్పటి నుంచి బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా లేస్తున్నాను. పది బాబిన్లు ముందే చుట్టి పెట్టుకునే అలవాటు మానడమే కష్టమైంది. చేతికందేలా ఉన్న ఇస్త్రీ బల్లను కావాలనే గది చివరికి జరిపాను. ఎలా వంగినా ఫరవాలేదని నేననను. గంటసేపు తల దించి గుండీలు కుడితే మెడ లాగేస్తుంది. మిషను బల్ల రెండు అంగుళాలు ఎత్తించాకే అది తగ్గింది. నడుము నొప్పి మాత్రం పనులు మీద పడిన రోజున ఇప్పటికీ పలకరించి పోతుంది.

ఈసారి ఆ బొమ్మలు వేస్తే, కుర్చీలోంచి లేస్తున్న మనిషిని కూడా వేయండి. కింద పెద్ద అక్షరాల్లో మరొకటి చేర్చండి: నడుము నొప్పితో పాటు కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మూత్రం మీద అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని. నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకాయన, పాదం ఈడ్చుకుపోతున్నా అంతా కూర్చునే తీరు వల్లేననుకుని, వారం రోజులు కుర్చీలో దిండ్లు మార్చుకుంటూ గడిపాడు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక దర్జీ