వెనక తెరిచే నైటీల విషయంలో మా పొరపాటు

నమస్తే అండీ. సంక్రాంతి నుంచి మా దగ్గర వెల్‌క్రో (నొక్కితే అతుక్కునే పట్టీ) జాకెట్లు, వెనకవైపు తెరుచుకునే నైటీలు కుట్టించుకున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెళ్లి జాకెట్లకు వచ్చేవాళ్లకు కూడా ఒక మాట ఉంది, అది తర్వాత చెబుతాను.

పక్షవాతం వచ్చినవాళ్లకు బట్టలు కుడతామని బోర్డు పెట్టాక, కొలతలు పట్టుకొచ్చింది ఎక్కువగా కూతుళ్లు, కోడళ్లే. "అత్తయ్యకి బట్టలు తొడగడం కష్టంగా ఉందండీ, తొందరగా అయిపోయేలా కుట్టండి" అనేవాళ్లు. అలాగే కుట్టాను. చేతులు దూర్చి వీపు మీద అంటించేస్తే రెండు నిమిషాల పని. అందరూ బాగుందన్నారు. వేసుకునే మనిషిని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

మార్చిలో ఒక రిటైర్డ్ టీచరుగారు స్వయంగా షాపుకు వచ్చారు. ఆవిడకు ఎడమ చేయి సరిగా లేవదు. నైటీ బల్ల మీద పెట్టి, "ఇది నాకు నేను వేసుకోలేనమ్మా. స్నానం చేసి, మా అమ్మాయి వచ్చి వీపు మీద అంటించేదాకా తలుపేసుకుని కూర్చుంటున్నాను" అన్నారు. ఆ మాట విన్నాక రెండు రోజులు మిషన్ ముందు కూర్చోబుద్ధి కాలేదు.

ఆవిడ ఇంటికి వారానికోసారి ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పేవాళ్లు, వస్తారు. అనుమతి అడిగి నేనూ వెళ్లి చూశాను. అంతకుముందు నాకు ఫిజియోథెరపీ ఒక్కటే తెలుసు. మన దేశంలో ఈ ఆక్యుపేషనల్ థెరపీ చదువును 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్ గారు మొదలుపెట్టారట. ఇన్నేళ్లుగా ఉన్నది నా చెవిన పడకపోవడం చూస్తే, ఎంతమంది ఇళ్లకు ఇది చేరలేదో అనిపించింది.

థెరపిస్టుగారు ముందు చేయి పట్టుకుని చూడలేదు. "ఈ వారం మీరు ఏ పని సొంతంగా చేసుకోవాలనుకుంటున్నారు?" అని అడిగారు. టీచరుగారు చీర కట్టుకుని గుడికి వెళ్లాలన్నారు. అక్కడి నుంచే పాఠం మొదలైంది. మంచం మీద కాకుండా చేతులున్న కుర్చీలో కూర్చోవాలి. బలం లేని చేతికి ముందు జాకెట్టు తొడిగి భుజం దాకా లాక్కోవాలి, ఆ తర్వాతే మంచి చేయి. విప్పేటప్పుడు మంచి చేయి ముందు రావాలి. మధ్యలో చంక దగ్గర బట్ట పట్టేసింది. సాయం చేద్దామని నేను లేవబోతే థెరపిస్టుగారు చేత్తో ఆగమన్నారు. పావుగంట పట్టింది. ఆవిడ ముఖం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఆ చంక కుట్టింది నేనే. ఇప్పుడు బలం లేని చేతివైపు చంక, చేయి వదులుగా పెడుతున్నాను, లోపల జారే లైనింగ్ వేస్తున్నాను. పైకి హుక్కుల్లా కనిపించినా కింద వెల్‌క్రో ఉంటుంది. అందులోనూ ఒక తప్పు చేశాను. గరుకు పట్టీ ఒంటివైపు పెట్టడంతో ఇద్దరికి చర్మం ఎర్రబడింది. ఇప్పుడు మెత్తటి పట్టీ ఒంటివైపు, గరుకుది బయటివైపు ఉంటోంది. ఉతికేముందు అంటించి ఉతకండి, లేకపోతే పోగులు పట్టి అతుక్కోదు. అయస్కాంతం బటన్లు అడిగేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ (గుండె లయ సరిచేసే చిన్న యంత్రం) ఉంటే ముందే చెప్పండి. అలాంటివాళ్లకు అవి పెట్టను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న ఒక బాబు స్కూల్ ప్యాంటుకు హుక్కు, జిప్పు తీసేసి ఎలాస్టిక్ వేసి, నడుము దగ్గర రెండు పక్కలా వేళ్లు దూర్చి లాక్కునే పట్టీలు కుట్టాను. అది కూడా థెరపిస్టుగారు చెప్పిన ఉపాయమే. వాళ్లమ్మ మధ్యాహ్నం బాత్రూమ్‌కి తీసుకెళ్లడానికి రోజూ బడికి వెళ్లేది. ఇప్పుడు వాడే వెళ్లి వస్తున్నాడు, సాయంత్రం దాకా బడిలో ఉంటున్నాడు.

వెనక తెరిచే నైటీలు మానేయడం లేదు. మంచం దిగలేని వాళ్లకు, పక్కన ఒకరు తొడగాల్సినవాళ్లకు అవి కావాలి. కాస్తయినా సొంతంగా వేసుకోగలిగేవాళ్లు ఉంటే, నేను కుట్టిన నైటీ తెచ్చివ్వండి, ముందువైపుకు మార్చి ఇస్తాను. డబ్బులు తీసుకోను. కొత్తవాటికి నాలుగు రోజులు చాలవు, పది రోజులు పడుతోంది. పాత జాకెట్టుకు వెల్‌క్రో మార్చడానికి 150 రూపాయలు.

పెళ్లి జాకెట్ల వాళ్లకు చెప్పాల్సింది ఇదే. మంగళ, శనివారాలు ఇలా ఒంట్లో ఇబ్బంది ఉన్నవాళ్ల బట్టల కొలతలకే కేటాయించాను, అందుకే "రేపటికి కావాలి" అనే ఆర్డర్లు ఇకపై తీసుకోలేను. పదేళ్లుగా వస్తున్న ఒకరిద్దరు అక్కలు నొచ్చుకున్నారని తెలుసు. వాళ్లు వేరే చోటికి వెళితే నాకు నష్టమే, బాధ కూడా. అయినా మెషిన్లు రెండే, కుట్టేది నేనూ మా ఆడపడుచూ.

కొలతకు వచ్చేటప్పుడు వేసుకునే మనిషిని కూడా తీసుకురండి. మెట్టు దగ్గర చెక్క వాలు వేయించాను, వీల్‌చైర్ ఎక్కుతుంది. రాలేని వాళ్లయితే ఫోన్ చేయండి, మంగళవారం మధ్యాహ్నం నేనే ఇంటికి వస్తాను.