ఆ ఒక్క ఏడాది సంగతి ముందే చెప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. విద్యాశాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను.

నేను ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదివాను. ఇప్పుడు ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. 2024లో ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్‌-2 నోటిఫికేషన్ వచ్చినప్పుడు, రక్తం ట్యూబులు తిప్పే సెంట్రిఫ్యూజ్ తిరుగుతుంటే పక్కన నిలబడి ఫోన్‌లో చదివాను. ఊదా మూత ట్యూబులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. అర్హతల్లో నా కోర్సు పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే ఇంకో మాట ఉంది: ఏడాది అప్రెంటిస్‌షిప్. అది నాకు లేదు.

చేయాలని తెలిస్తే కదా! చదువుకునేటప్పుడు ఆన్ ది జాబ్ ట్రైనింగ్ అని ఆసుపత్రికి పంపారు. అప్రెంటిస్‌షిప్ అంటే అదే అనుకున్నాను. పరీక్షలైన నెలకే ల్యాబ్‌లో చేరిపోయాను, ఇంట్లో అవసరం అలాంటిది. ఆ ఏడాది శిక్షణ చేసి, పారా మెడికల్ బోర్డులో రిజిస్టర్ చేయించుకున్న నా క్లాస్‌మేట్ మాత్రం దరఖాస్తు పెట్టింది. వాళ్ల మేనమామ ఆసుపత్రిలో పనిచేస్తాడు, ఆయన చెప్పాడట.

మా లెక్చరర్లను అనడం లేదు. వచ్చే ఏడాది తమను ఉంచుతారో లేదో అన్న టెన్షన్‌లో ఉండే గెస్ట్ ఫ్యాకల్టీ వాళ్లు. కెరీర్ గైడెన్స్ పేరుతో ఒకసారి మీటింగ్ కూడా పెట్టారు. వచ్చినాయన గంటసేపు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) గురించి చెప్పి, పెద్ద కలలు కనమన్నారు. మేం ఎంసెట్ వైపు వెళ్లాలంటే ముందు బ్రిడ్జి కోర్సు, అంటే ఒకేషనల్ వాళ్లు అదనంగా రాయాల్సిన పేపర్లు, పాసవ్వాలి. ఆ ముక్క ఆయన చెప్పలేదు. బహుశా ఆయనకూ తెలియదేమో.

సార్, మాకు సెమినార్లు వద్దు. ఫస్టియర్ అడ్మిషన్ రోజే కోర్సుకొక కాగితం తెలుగులో అచ్చేసి, పిల్లతో పాటు అమ్మానాన్నల చేతిలో పెట్టించండి. ఈ కోర్సు తర్వాత ఏ ఉద్యోగాలకు అర్హత ఉంటుంది, అప్రెంటిస్‌షిప్‌కు ఎక్కడ, ఎప్పుడు అప్లై చేయాలి, ఏ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి, పైచదువుకు బ్రిడ్జి కోర్సు ఎప్పుడు కట్టాలి, ఇవి అందులో ఉంటే చాలు. రిజల్ట్స్ వచ్చాక ప్రతి పిల్లకూ ఫోన్ చేసే బాధ్యత కాలేజీలో ఒకరికి రాతపూర్వకంగా అప్పగించండి.

మా పిన్ని కూతురు కూడా ఎంఎల్‌టీలోనే చేరింది. అప్రెంటిస్‌షిప్ సంగతి దానికి నేనే చెప్పాను. మీ క్లాసులో మిగతావాళ్లకు ఎవరు చెప్పారే అని మొన్న అడిగితే, "నేనే చెప్పానక్కా" అంది.

ఇట్లు,
ఒక ఒకేషనల్ పూర్వ విద్యార్థిని