జీవామృతం డ్రమ్ము దగ్గర జనం

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చెల్లి ఉద్యోగంలో చేరింది. అంతే, అసలు సంగతికొస్తా.

మా వీధివాళ్లంతా ఒకే డ్రమ్ములో జీవామృతం, అదే పొలానికి పోసే పేడ ద్రావణం, కలుపుతున్నార్రా! "పొలానికంతా ఒక్క ఆవు ఏ మూలకి?" అన్నావుగా, చూసుకో. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటావు పేడ, 10 లీటర్ల పంచితం (ఆవు మూత్రం), 2 కిలోల బెల్లం, 2 కిలోల సెనగపిండి, మందులు తగలని గట్టు మట్టి గుప్పెడు. ఆ పేడ ఒక ఆవు ఒక్క రోజులో వేసేదే. ఇంకేమంటావ్, లెక్కల మాస్టారూ?

అనకాపల్లి బెల్లం తెల్లగా మెరిసేది అక్కర్లేదు, నల్లదే చాలు. కాకపోతే బస్తాలకొద్దీ కొంటే సారా కాస్తున్నావేమోనని చూస్తారు, నీ మొహానికి మరీను.

డ్రమ్ము ప్లాస్టిక్‌దే, ఇనపది వద్దు. నీడలో పెట్టి గోనెపట్టా కప్పాలి. మూత బిగిస్తే లోపల పుట్టే గ్యాసు పోదు. పొద్దునా సాయంత్రం కర్రతో ఒకే వైపు తిప్పాలి. ఆ తిప్పే వంతు దగ్గరే కబుర్లన్నీ! బీర గింజలు, ఆనప గింజలు అక్కడే చేతులు మారుతున్నాయి. గట్టు తగాదాతో మాటల్లేని ఇద్దరున్నారు కదా, తెలుసుగా ఎవరో, ఆ గట్టు మట్టే తవ్వి తెచ్చి వేశారు. ఎవరి వైపు మట్టి అని మళ్లీ కాసేపు... సరే, అది ఎదురుగా చెప్పాల్సిన ముచ్చట.

48 గంటలకి తయారు, వారంలోపు వాడెయ్యాలి. తర్వాత కంపు కొడుతుంది, బలమూ పోతుంది. మీ ఊరి కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, దానికి జీవామృతంలోని సూక్ష్మజీవులు చస్తాయి. రాత్రంతా తొట్టిలో తెరిచి ఉంచి, అప్పుడు కలుపు. ఎండిన నేలమీద పోస్తే దండగ. నేలలో పదును (తడి) ఉండగా, సాయంత్రం పొయ్యాలి, పైన గడ్డి కప్పితే మరీ మంచిది. డ్రిప్పు పైపులకైతే రెండు మడతల గుడ్డలో వడకట్టు, లేకపోతే కన్నాలు పూడిపోయి పుల్లతో పొడుచుకుంటూ కూర్చోవాలి. ఆకులమీద కొట్టాలంటే పది లీటర్ల నీళ్లకి లీటరు.

విత్తనాలకి బీజామృతం అడిగావుగా: 20 లీటర్ల నీళ్లు, 5 కిలోల పేడ, 5 లీటర్ల పంచితం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు మట్టి. పప్పుగింజల్ని మాత్రం గట్టిగా రుద్దకు, పొట్టూడిపోతుంది. తడిపి నీడలో ఆరబెట్టి... ఉండు, బస్సు హారన్ కొడుతోంది. ఈ కాగితం కండక్టరు చేతికే ఇస్తున్నా.

నీ
రాంబాబు