వీధి మొగలో దేవయ్య పేరు

లింకన్, ఇంగ్లండ్

నాన్నగారికి నమస్కారాలు.

పార్కు పక్క క్రాసు వీధికి, 1965 యుద్ధంలో పోయిన మన వాయుసేన పైలట్ స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య పేరు పెట్టించాలని మీ అసోసియేషన్ వాళ్లు అనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషించాను. కొడగులోని మడికేరిలో ఆయన పేరిట సర్కిల్ ఉంది, మన లేఅవుట్లో ఒక రోడ్డు ఉండడం న్యాయమే. అర్జీ రాసేముందు మాత్రం కొన్ని సంగతులు చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం పేరు పొడవు. 'స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య రోడ్డు' అని మొత్తం పెడితే ఏడాది తిరక్కుండానే జనం దాన్ని పొడి అక్షరాలు చేసేస్తారు. మన బెంగళూరులోనే కెంగల్ హనుమంతయ్య రోడ్డు కె.హెచ్. రోడ్డయింది, చాలామందికి అది కూడా కాదు, డబుల్ రోడ్డే. ఎవరి పేరో ఆయనే అందులో కనబడడు. ఇంగ్లండులో వైమానికుల వీధులకు సాధారణంగా ఇంటిపేరు ఒక్కటే పెడతారు, హోదా జోలికి పోరు. మీరూ అధికారికంగా 'దేవయ్య రోడ్డు' అనే అడగండి. హోదా, పూర్తి పేరు, తేదీ బోర్డు మీద కింది వరుసలో చిన్న అక్షరాల్లో ఉంటే చాలు. చుట్టుపక్కల దేవన్న రోడ్డో, దేవరాజ్ రోడ్డో ఉందేమో ముందే చూడండి. అంబులెన్సుకు ఫోన్లో చెప్పేటప్పుడు ఒకేలా వినబడే పేర్లను ఇక్కడి కౌన్సిళ్లు ఒప్పుకోవు.

తేదీ దగ్గర చాలామంది తడబడతారు. ఆయన నేలకొరిగింది 1965 సెప్టెంబరు 7న, మహావీర చక్ర వచ్చింది 1988లో. రెండూ ఒకే ఏడాది జరిగినట్టు రాయించకండి, ఆ 23 ఏళ్ల ఎడంలోనే అసలు విషయమంతా ఉంది. ఆ రోజు మన వాయుసేన ఒకటో స్క్వాడ్రన్ మిస్టేర్ యుద్ధవిమానాలు పంజాబ్‌లోని ఆదంపూర్ నుంచి పాకిస్తాన్ వైమానిక స్థావరం సర్గోధా మీద దాడికి వెళ్లాయి. దేవయ్య అదనపు పైలట్‌గా బయల్దేరి, దాడిలో చేరి, తిరిగి రాలేదు. ధ్వని వేగానికి రెండింతలు పోగల పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానం వెంటబడితే, అంత వేగం లేని మిస్టేర్‌తో ఎదురు తిరిగి దాన్ని కూల్చాడు. మనవాళ్లెవరూ ఆ పోరు చూడలేదు. పాకిస్తాన్ వైపు కథనాలతో ఒక విదేశీ రచయిత రాసిన తర్వాతే అది బయటికొచ్చింది. బోర్డు మీద పుట్టిన తేదీకి చోటు లేకపోయినా ఫరవాలేదు, 1965 మాత్రం ఉండాలి. పేరును ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తున్నారు. పతక ప్రకటనలో ఉన్న స్పెల్లింగే అర్జీలోనూ బోర్డులోనూ వాడండి. కన్నడం పైన, ఇంగ్లీషు కింద.

బోర్డును ఎవరి కాంపౌండు గోడకూ కొట్టించకండి. ఇల్లు పడగొట్టి కట్టినప్పుడు దాంతోపాటే పోతుంది, ఈలోగా టులెట్ కాగితాలు అంటిస్తారు. సొంత స్తంభం, మూలకు 3 మీటర్ల లోపు, రోడ్డు రెండు చివర్లా. ఇక్కడి మార్గదర్శకాల్లో బోర్డు అడుగు అంచు నేల నుంచి మీటరు ఎత్తులో ఉంటే చాలంటారు. మనుషులో, బళ్లో అడ్డొచ్చే చోట 2.5 మీటర్లు. మన వీధిలో స్కూటర్లు, టెంపోలు నిలబడేదాన్ని బట్టి మీకు 2.5 మీటర్లే సరి.

అసోసియేషన్ సొంతంగా బోర్డు పెట్టేస్తే అది బోర్డే గానీ పేరు కాదు. నగరపాలిక తీర్మానం కాపీ చేతికి వచ్చాక పోస్టాఫీసుకు ఒకటి ఇవ్వండి. కొన్నాళ్లపాటు చిరునామాలో పాత క్రాసు నంబరు కూడా రాయమని అందరికీ చెప్పండి, లేకపోతే గ్యాసు, బ్యాంకు ఉత్తరాలు దారి తప్పుతాయి.

అర్జీ ముసాయిదా వాట్సాప్‌లో పంపండి, తేదీలు సరిచూసి పంపుతాను. అమ్మకు నమస్కారాలు, చెల్లికి ఆశీస్సులు.

మీ అబ్బాయి