ఎవరు ఏడుస్తున్నార్రా?

నానీ,

నిన్న వీడియో కాల్‌లో పప్పు అడుగంటిందని చూసి "ఫర్ క్రయింగ్ అవుట్ లౌడ్" అని అరిచావు చూడు, నేను నిజంగానే కంగారుపడి ఎవరు ఏడుస్తున్నార్రా అని అడిగితే పగలబడి నవ్వి ఫోన్ పెట్టేశావు. నవ్వితే నవ్వావులే. ఆ మాటేంటో తేలక నిద్ర పట్టలేదు, లేచి వెతికి చదివాను.

విసుగొచ్చినప్పుడు క్రీస్తు పేరు వాడటం క్రైస్తవుల్లో తప్పు, దేవుడి పేరు వ్యర్థంగా పలకొద్దని పది ఆజ్ఞల్లోనే ఉంది కదా. అందుకని "ఫర్ క్రైస్ట్స్ సేక్" అనబోయి, సగంలో నాలుక్కరుచుకుని క్రయింగ్‌లోకి దింపేశారట. గాడ్ గాష్ అయింది, జీసస్ జీజ్ అయింది, డామ్ డార్న్ అయింది, హెల్ హెక్ అయింది. మామ్మ నిన్ను తిట్టబోయి "నీ ఇల్లు బంగారం గానూ" అనేది గుర్తుందా, అచ్చం అదే పని.

కానీ దేవుడి విషయంలో మనం పూర్తిగా రివర్స్. 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను రోజు, హాల్లో కిటికీ రెక్క ఊడి ఎగిరిపోయినప్పుడు నువ్వు "ఓలమ్మో" అని మంచం కిందికి దూరావు, మామ్మ మాత్రం తడిసిన దుప్పటి పట్టుకుని గాలి ఆగేదాకా "అప్పన్నా, సింహాద్రి అప్పన్నా" అంటూనే ఉంది. అప్పన్న పేరు ఊరికే ఎందుకెత్తావని విశాఖలో ఎవరైనా అంటారా? పాలు పొంగినా ఆయనే, బస్సు తప్పినా ఆయనే.

ఇంకోటి, మొన్న రైలు క్యాన్సిలయిందని చెబుతూ "బ్రిలియంట్" అన్నావు. నాకు వెంటనే అర్థమైంది, అది మన "బాగానే ఉంది సంబడం", మొహం కూడా అలాగే పెట్టావు.

షిట్ మాత్రం ఆఫీసులో వద్దు నాన్నా, అక్కడ అందరూ అంటారని నువ్వంటావు గానీ కొత్తగా చేరినవాడివి, కొన్నాళ్లు గాష్‌తో సరిపెట్టుకో. బ్లడీ కూడా వద్దు, ఇక్కడ మీ నాన్న స్కూటర్ స్టార్ట్ కానప్పుడు అనేది చాలు.

మాడిన గిన్నెలో నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పేసి పది నిమిషాలు మరగనివ్వు, గీకక్కర్లేదు. వదిలిందో లేదో రాత్రికి చెప్పు.

అమ్మ