నేర్పినవారి పేరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 29న అంతర్జాతీయ నృత్య దినోత్సవం అంటూ మీరు వేసేవన్నీ వేదిక మీది ఫొటోలే. 1982 నుంచి జరుపుతున్న ఆ రోజు నిజానికి ఒక గురువు పుట్టినరోజు. ఫ్రాన్స్‌కు చెందిన బ్యాలే గురువు నోవేర్ 1727లో అదే తేదీన పుట్టారు. మొహం కనబడితేనే భావం తెలుస్తుందని, నర్తకుల మాస్కులు తీసేయాలని పట్టుబట్టిన మనిషి.

మా టీచరు గారికి మోకాళ్లు అరిగిపోయాయి. కుర్చీలో కళ్లు మూసుకునే, వెనక వరుసలో ఎవరి మడమ ఆలస్యంగా పడిందో చెప్పేసేవారు. ఎక్కువసార్లు నాదే! వీడియోలు చూసి నేర్చుకోవచ్చంటారు గానీ, వీడియో మన మడమ చప్పుడు వినదుగా. ఈసారి ఫొటో కింద నేర్పినవారి పేరు కూడా వేయండి.

- ఒక పాత శిష్యురాలు